ఏటవుతాది?

సర్వే గుంటడు గుమ్మంలో నిలబడ్డాడు.
చేతిలో ట్యాబు, చెవుల వెనక చెమట.
"ఇంట్లో ఎంతమంది?"
ఇద్దరం అన్నాను.
"నూకరత్నం గారు మీకేటవుతారండీ?"

రోజంతా అడిగేదాన్ని నేను.
సింధియా నుంచి మద్దిలపాలెం దాకా
సీటు సీటుకీ వంగి
ఎక్కడ దిగుతారు, ఎక్కడ దిగుతారు అని
గొంతు అరిగిపోయిన కండక్టర్ని.
నన్నెవరైనా అడిగితే మాత్రం
చిల్లర లేనట్టు తడుముకుంటాను.

వాడు వేలితో తెరని పైకి తోస్తున్నాడు.
తల్లి. కూతురు. అత్త. కోడలు. తోడికోడలు.
ఆడపడుచు.
చుట్టరికాలన్నీ జారిపోతున్నాయి
బండి ఆగని స్టాపుల్లాగ.

జ్ఞానాపురంలో ఏ ఇంటి గుట్టయినా
దండెమే చెబుతుంది.
పోర్టు బొగ్గునుసి పడి
సాయంత్రానికి మా తెల్లలంగాలు బూడిదరంగు.
రెండు నైటీలు, ఒకటే కొలత.
నా ఖాకీ చొక్కా పక్కన
రత్నం రొయ్యల ఫ్యాక్టరీ కోటు,
ఎన్ని నీళ్ళలో జాడించినా దాని వాసన దానిదే.
మేడ మీది మరియమ్మ గారు అవన్నీ మడతపెట్టి
ఒకే కుప్పగా తెచ్చిస్తారు.
ఏ రోజూ విడదీయలేదు.

ఏటవుతాది?
హుద్‌హుద్ నాడు రేకులు లేచిపోయిన గదిలో
మంచంకోడు పట్టుకుని
"సచ్చిపోతామేటే?" అంది.
అప్పటికి నాకేమీ కాదు, పక్కవాటా మనిషి.
తెల్లారి చూస్తే వీధిలో చెట్టన్నది లేదు,
ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది.
ఎవరు ముందు తియ్యాలో తెలియక
ఇద్దరం తియ్యలేదు.
విశాఖలో అందరూ ఏళ్ళు లెక్కపెట్టేది
ఆ గాలి నుంచే కదా.
మేమూ అంతే.

చలిగదిలో రొయ్య ఒలిచి ఒలిచి
ఇంటికొచ్చేసరికి ఆమె వేళ్ళు ఎవరివో అయిపోతాయి.
నా డొక్కకి ఆనించి కూచుంటుంది
అన్నం ఉడికేదాకా.
తిట్టుకుంటాం కూడా.
చారులో చింతపండు ఎక్కువేశానని
మొన్న నాలుగురోజులు మాటల్లేవు.
ఆ నాలుగురోజులూ
ఏ చుట్టరికం కింద రాయించాలి?

పోయిన వారం కాన్వెంట్ జంక్షన్లో సంపెంగి ఎక్కింది,
పమిట సర్దుకుని, ఆధార్ చూపించి.
వెనక సీటాయన గొణిగాడు,
"ఈలకీ ఫ్రీయేనేటి?"
నేనేం మాట్లాడలేదు. మిషను మాట్లాడింది.
కిర్రుమని సున్నా రూపాయల టికెట్టు,
ఆడవాళ్ళందరికీ వచ్చేదే, అదే కాగితం, అదే సిరా.
దాన్ని ఆమె నాలుగు మడతలు పెట్టి
డబ్బులాగ రవికలో దాచుకుంది.
దిగేటప్పుడు ఫుట్‌బోర్డు మీంచి వెనక్కి తిరిగి
అంత రద్దీలో, అందరూ వినేలాగ
"మీ రత్నం బాగున్నాదా?" అంది.

మీ రత్నం.
పదకొండేళ్ళలో ఎవరూ అలా అనలేదు.
మీ ఫ్రెండు అన్నారు, మీ రూమ్మేటు అన్నారు,
మా అన్నయ్యయితే "ఆ మనిషి" అంటాడు.
డ్రైవరు అప్పలస్వామి అద్దంలోంచి
"రైట్ సెప్పవేటమ్మా" అనేదాకా
విజిల్ నా నోట్లోనే ఉంది, ఊదలేదు.

ఎవరు అని అడిగి ఊరుకోరు మనవాళ్ళు,
ఏమవుతారు అంటారు.
పుట్టినప్పుడు అయింది చాలదన్నట్టు,
ఇంకా అవుతూ ఉండొచ్చన్నట్టు.

గుంటడు చెమట తుడుచుకున్నాడు.
"ఇతరులు అని కొట్టెయ్యనా మేడమ్?"
లోపల్నుంచి రత్నం,
రెండో షిఫ్టుకి జడేసుకుంటూ, పళ్ళ మధ్య పిన్నుతో,
"ఒలే, ముందా గుంటడికి మంచినీళ్ళియ్యి,
ఎండలో సచ్చిపోతన్నాడు!"

నీళ్ళిచ్చాను.
గటగటా తాగి, గ్లాసు చేతికిచ్చి,
గదిలోకి ఒకసారి, దండెం వైపు ఒకసారి చూసి
వాడేదో నొక్కాడు.
ఏం నొక్కాడో అడగలేదు.
ఆమె బండికి టైమైపోతోంది,
కోటు ఇంకా తడిగానే ఉంది.